పాటకు ముందు చెప్పే నాలుగు మాటలు

తెలుగు ఇళ్లలో పాటలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి వెతికితే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. అటక మీద అట్టపెట్టెలో క్యాసెట్లు. టీవీ బల్ల సొరుగులో సీడీలు, వాటిలో సగం వందేసి పాటలు కుక్కిన ఎంపీ3 సీడీలు. కారులో ఒక పెన్‌డ్రైవ్. మెమరీ కార్డు తీయకుండానే మూలన పడేసిన పాత ఫోన్లు. పెద్దవాడి లాప్‌టాప్‌లో 'సాంగ్స్' అనే ఫోల్డర్, దాని లోపల 'న్యూ ఫోల్డర్', దాని లోపల మరో 'న్యూ ఫోల్డర్'. వాట్సాప్‌లో పిన్ని పంపిన పెళ్లిపాట. వీటన్నిటినీ ఒకచోటికి చేర్చి, ఇంట్లో ఎవరికి కావలసిన పాటలు వాళ్లకు వాటంతట అవే వరుసకట్టి వచ్చేలా చేయవచ్చా? చేయవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, అందులో చాలా భాగం ఉచితం కూడా. అయినా చాలా ఇళ్లలో ఈ పని ఉత్సాహంగా మొదలై మధ్యలో ఆగిపోతుంది. ఆగే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. పాట వెంట ఉండాల్సిన వివరం ఉండదు, ఉంటే తప్పుగా ఉంటుంది, సరిగ్గా ఉన్నా మన పాటకు కుదరని గళ్లలో ఇరుక్కుని ఉంటుంది.

ఆటోమేటిక్ ప్లేలిస్ట్‌లో మనం పాటలు చేర్చం, షరతులు రాస్తాం. గాయకుడు ఘంటసాల, సంవత్సరం 1955కూ 1965కూ మధ్య, ఆరు నెలలుగా విననిది, మొత్తం యాభై పాటలు అని రాస్తే ప్లేయర్ తన పట్టికంతా గాలించి ఆ యాభై తెచ్చి పెడుతుంది. రేపు కొత్త పాట చేరి అది షరతులకు సరిపోతే, ఎవరూ చెప్పకుండానే జాబితాలోకి వస్తుంది. ఇవాళ విన్న పాట ఆరు నెలలు పక్కకు తప్పుకుంటుంది. 2002 జులైలో ఆపిల్ విడుదల చేసిన ఐట్యూన్స్ 3 దీన్ని 'స్మార్ట్ ప్లేలిస్ట్' పేరుతో జనంలోకి తెచ్చింది. పాటకు నక్షత్రాలు వేసే వీలు, ఎన్నిసార్లు విన్నామో లెక్కపెట్టే వీలు కూడా ఆ విడుదలలోనే వచ్చాయి. లెక్క ఉంటేనే కదా షరతు రాయగలిగేది! ఇవాళ విండోస్‌లో మ్యూజిక్‌బీ, ఫూబార్2000, లినక్స్‌లో రిథమ్‌బాక్స్, స్ట్రాబెరీ, ఇంట్లో సర్వర్ పెట్టుకునేవాళ్లకు నావిడ్రోమ్, ప్లెక్స్ అన్నీ ఇదే పని చేస్తాయి. ఏది మేలన్న చర్చ మీద జనం వారాలు గడుపుతారు. నా దృష్టిలో ఆ చర్చకు ఉన్న విలువ తక్కువ. పాటల వివరాలు సరిగ్గా ఉంటే వీటిలో ఏదైనా బాగానే పనిచేస్తుంది. లేకపోతే ఏదీ చేయదు.

ఆ వివరాలు ఉండే చోటును ట్యాగ్ అంటున్నాం. ఎంపీ3 పద్ధతిలో మొదట పాట పేరు, పాడినవారి పేరు పెట్టుకోవడానికి చోటే లేదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఫైలు చివర 128 బైట్ల ముక్క ఒకటి తగిలించే ఉపాయం చెప్పాడు. అదే ఐడీ3. పాట పేరుకు 30 బైట్లు, ఆర్టిస్టుకు 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీత శైలికి ఒక్క బైటు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్‌ను దాచే వాడుక పద్ధతి యుటిఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. 'ఘంటసాల వెంకటేశ్వరరావు' అని పూర్తిగా రాస్తే 61 బైట్లు అవుతుంది, అంటే ఆ గడికి రెట్టింపు దాటుతుంది. శైలి కోసం మొదట ఇచ్చిన 80 అంకెల పట్టికలో పోల్కాకు చోటుంది, గ్యాంగ్‌స్టాకు చోటుంది, కర్ణాటక సంగీతానికి లేదు. సినిమా పాటను 'సౌండ్‌ట్రాక్'లో, త్యాగరాజ కృతిని 'ఎథ్నిక్'లో వేయాల్సి వచ్చింది. 1998 నుంచి వచ్చిన రెండో తరం ఐడీ3 ఈ ఇరుకును పోగొట్టింది. పేర్ల పొడవుకు హద్దు పోయింది, యూనికోడ్ వచ్చింది, స్వరకర్తకు, గీత రచయితకు వేరు వేరు గళ్లు వచ్చాయి, శైలిని మాటల్లో రాసుకునే వీలు కలిగింది. కానీ గళ్లు రావడం వేరు, వాటిని నింపడం వేరు. ఇప్పటికీ చాలా ప్లేయర్లు తెర మీద చూపేది పాట, ఆర్టిస్ట్, ఆల్బమ్ అనే మూడే. అమెరికన్ పాప్ పాట వినేవాడికి ఆ మూడూ చాలు.

మనకు చాలవు. ఆకాశవాణిలో, ముఖ్యంగా వివిధ భారతిలో పాట వేసే ముందు అనౌన్సర్ ఏం చెప్పేవారో గుర్తు తెచ్చుకోండి. చిత్రం పేరు, రచన, సంగీతం, గానం. ఆ నాలుగూ చెప్పాకే పాట మొదలయ్యేది. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లో కూడా ప్రతి పాట పక్కనా రచయిత పేరు, గాయకుల పేర్లు ఉండేవి. బడి ముఖం చూడనివారు కూడా ఇది ఆత్రేయ పాట, ఇది పెండ్యాల బాణీ అని చెప్పగలిగారంటే రేడియో దశాబ్దాల తరబడి వాళ్ల చెవిలో ఆ వివరాన్ని నాటడమే కారణం. తెలుగు ఇంటి పాటల గ్రంథాలయానికి కావలసిన నమూనా అది. దాన్ని ట్యాగ్ గళ్లలోకి ఎక్కించడం కష్టం కాదు. ఆల్బమ్ గడిలో చిత్రం, ఆర్టిస్ట్ గడిలో గాయకులు, స్వరకర్త గడిలో సంగీత దర్శకుడు, గీత రచయిత గడిలో రచయిత. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే ఇంకో గడి ఉంటుంది. అందులో సంగీత దర్శకుడి పేరే మళ్లీ రాస్తే, ఒక సినిమాలోని ఆరు పాటలను ఆరుగురు పాడినా ఆల్బమ్ ఆరు ముక్కలు కాకుండా ఉంటుంది. ఐదో వివరం ఒకటి మన ఇళ్లలో తప్పకుండా అడుగుతారు: తెర మీద ఎవరు? 'నాగేశ్వరరావు పాటలు పెట్టు' అని తాతయ్య అడిగితే ఆయన ఉద్దేశం ఘంటసాల కావచ్చు, రామకృష్ణ కావచ్చు, బాలసుబ్రహ్మణ్యం కావచ్చు. నటుల కోసం సొంతంగా ఒక గడి సృష్టించుకోవాలి. ఐడీ3లోనూ, ఫ్లాక్ అనే మరో ఫైలు పద్ధతిలోనూ అందుకు వీలుంది. షరతులో ఆ గడిని వాడుకోనిచ్చే ప్లేయర్‌నే ఎంచుకోవాలి. ప్లేయర్ విషయంలో నేను పట్టుబట్టేది ఈ ఒక్క లక్షణం కోసమే.

సినిమా పేరొక్కటే రాస్తే ఏమవుతుందో చూద్దాం. 'మల్లీశ్వరి' 1951లో వచ్చింది, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. 2004లో మళ్లీ 'మల్లీశ్వరి' వచ్చింది, కోటి సంగీతం. 'దేవదాసు' 1953, 1974, 2006 సంవత్సరాల్లో మూడుసార్లు. 'మిస్సమ్మ' 1955, 2003. 'తొలిప్రేమ' 1998, 2018. 'ఖుషి' 2001, 2023. ప్లేయర్‌కు ఇవన్నీ ఒకటే ఆల్బమ్, భానుమతి పాట తర్వాత యాభై ఏళ్ల అవతలి పాట అదే అట్టబొమ్మ కింద వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఆల్బమ్ పేరులోనే సంవత్సరం కలిపి 'మల్లీశ్వరి 1951' అని రాయడం మేలు. సంవత్సరం గడిలో కూడా సినిమా విడుదలైన ఏడాదే ఉండాలి. సీడీ వేసిన ఏడాది, వెబ్‌సైట్‌కు ఎక్కించిన ఏడాది అందులో చేరితే 'అరవైల పాటలు' అనే షరతు పాడైపోతుంది. ఆన్‌లైన్‌లో కొన్న పాటల్లో కూడా ఇది చాలా మామూలు తప్పు. పాత పాటల సంకలనం 2010లో విడుదలైతే అందులోని ప్రతి పాటకూ 2010 అనే రాసి ఉంటుంది.

తప్పుల్లో రెండో రకం ఊహల వల్ల వచ్చేది. రామారావు పాట కాబట్టి ఘంటసాలే పాడి ఉంటాడని ఎవరో రాసేస్తారు. 1955 'మిస్సమ్మ'లో రామారావుకు పాడింది ఏ.ఎం. రాజా. పి. లీల గొంతుకు సుశీల పేరు, జిక్కి గొంతుకు లీల పేరు పెట్టిన ఫైళ్లు ఎన్నో తిరుగుతున్నాయి. ఇలాంటివి సరిదిద్దడానికి పాత పాటల పుస్తకాలు, రికార్డు లేబుళ్లు, సినిమా మొదట్లో పడే పేర్లు ఆధారాలు. వాటన్నిటికంటే ముందు, ఇంట్లో ఉన్న డెబ్భై ఏళ్లు దాటిన చెవులు. కొన్నిచోట్ల మాత్రం ఆధారాల మీదే తగవుంది. 1953 'దేవదాసు' పాటలకు తెర మీద సముద్రాల రాఘవాచార్య పేరుంది, రాసింది మల్లాది రామకృష్ణశాస్త్రి అన్న వాదన బలంగా ఉంది. ఆ సినిమా సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ విడుదలకు ముందే చనిపోతే మిగిలిన పని విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. ఇంటి గ్రంథాలయం ఈ తగవును తీర్చలేదు. తెర మీది పేరు గడిలో ఉంచి, మిగతాది వ్యాఖ్యలో రాసుకుంటే వెతికేవాడికి రెండూ దొరుకుతాయి.

ఇక పేర్ల రాత. ఒకే గాయకుడు 'ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం', 'ఎస్పీబీ', 'బాలు', మధ్యలో చుక్కలున్న పేరు, చుక్కలు లేని పేరు అయి ఒక హార్డ్‌డిస్క్‌లో అరడజను మనుషులుగా బతుకుతుంటాడు. ఏదో ఒక రూపం నిర్ణయించుకుని దానికే కట్టుబడాలి. విండోస్‌లో ఎంపీ3ట్యాగ్ లాంటి ఉచిత పనిముట్టుతో వెయ్యి పాటల్లో ఒక పేరును ఒక్క దెబ్బకు మార్చవచ్చు. దొంగ పాటల సైట్లు పాట పేరులోనూ ఆర్టిస్ట్ గడిలోనూ ఇరికించిన తమ చిరునామాలను ఊడ్చేయడానికి కూడా ఇదే దారి. యుగళగీతాల్లో ఇద్దరి పేర్లనూ ఒకే పేరుగా 'ఘంటసాల, సుశీల' అని రాస్తే, సుశీల పాటలన్న జాబితాలో అది కనబడకపోవచ్చు. రెండు విలువలుగా విడివిడిగా ఇవ్వాలి. ఏ గుర్తుతో విడదీయాలన్నది ప్లేయర్‌ను బట్టి ఉంటుంది, చాలా వాటిలో సెమికోలన్.

తెలుగు లిపిలో రాయాలా, ఇంగ్లిషు అక్షరాల్లోనా అన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న, దానికి రెండు వైపులా న్యాయం ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగుకు అందరూ పాటించే రాత లేదు. తొంభైలలో అమెరికా తెలుగువాళ్ల మధ్య వ్యాపించిన ఆర్‌టిఎస్ పద్ధతి కచ్చితమైనదే కానీ దాన్ని నేర్చుకున్నవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లు దీర్ఘానికి ఒకసారి రెండక్షరాలు, ఒకసారి ఒకటి, 'త'కు ఒకసారి హెచ్ పెట్టి ఒకసారి తీసి రాస్తారు. అలాంటి రాత మీద షరతులు నిలబడవు. తెలుగు లిపిలో ఈ గందరగోళం చాలా తగ్గుతుంది, పెద్దవాళ్లు చదువుకోగలుగుతారు. కానీ డాలస్‌లోనో సిడ్నీలోనో పెరుగుతున్న మనవరాలికి ఆ లిపి రాకపోవచ్చు, కారు స్టీరియోకు అసలే రాకపోవచ్చు, డబ్బాలు డబ్బాలుగా కనబడుతుంది. నాకు సబబుగా తోచిన దారి ఇది: చూపించే పేరు తెలుగులో, క్రమం కోసం విడిగా ఉండే 'సార్ట్' గడిలో అదే పేరు ఇంగ్లిషు అక్షరాల్లో. ఆ గడిని వెతుకులాటలో కూడా చూసే ప్లేయర్లు ఉన్నాయి, చూడనివీ ఉన్నాయి. పెట్టుబడిగా సమయం పోసేముందు రెండు మూడు పాటలతో పరీక్షించి చూసుకోవాలి.

ఈ శ్రమంతా యంత్రం చేయలేదా? కొంత చేస్తుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే స్వచ్ఛంద సంగీత కోశం ఉంది, దాని పనిముట్టు పికార్డ్ పాటను విని, ధ్వని నుంచి ఒక ముద్ర తీసి, కోశంలోని ముద్రలతో పోల్చి వివరాలు నింపుతుంది. పాశ్చాత్య సంగీతానికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. తెలుగు సినిమా పాటల దగ్గర కోశం పలచబడుతుంది, రచయితల పేర్లు మరీ తక్కువ. ఎవరో ఎక్కిస్తేనే ఉంటాయి, ఎక్కించే వీలు మనకూ ఉంది. కర్ణాటక సంగీతం పరిస్థితి కొంత నయం. 2011లో బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా ఆధ్వర్యంలో మొదలైన కాంప్‌మ్యూజిక్ పరిశోధన కోసం ఎన్నో కచేరీ రికార్డుల వివరాలు ఆ కోశంలో చేరాయి, రాగానికీ తాళానికీ ప్రత్యేక స్థానాలు ఏర్పడ్డాయి. మన రాగాల పట్టిక కోసం స్పెయిన్ వైపు చూడాల్సి రావడం నన్ను కలవరపెడుతుంది. మన విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు తలపెట్టదగ్గ పని ఇది.

సంగీత శైలి గడిని ఎవరి ఇంటికి తగ్గట్టు వాళ్లే నింపుకోవాలి. తయారుగా వచ్చిన పట్టికను చెరిపేయడం మంచిది. సినిమా పాట, పద్యం, కీర్తన, స్తోత్రం, లలిత గీతం, జానపదం, హరికథ, బుర్రకథ, పిల్లల పాట అని తొమ్మిది పది మాటలు చాలు. ముప్పై మాటలు పెట్టుకుంటే ఏ పాట ఎందులోదో వేసినవాళ్లకే గుర్తుండదు. కీర్తనల దగ్గర ఒక మెలిక ఉంది. త్యాగరాజ కృతికి సాహిత్యమూ ఆయనదే, సంగీతమూ ఆయనదే. అన్నమయ్య సంకీర్తనలకు మాత్రం చాలావాటికి పాత వరుసలు దక్కలేదు. ఇవాళ మనం వినేవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టిన బాణీలు. రెండు గళ్లలోనూ అన్నమయ్య పేరే రాస్తే ఆ స్వరకర్తల పని కనబడకుండా పోతుంది. రాగానికి సొంత గడి పెట్టుకున్నవాళ్లకు ఒక పెద్ద ఆనందం దొరుకుతుంది. 'రాగం మోహన' అని ఒక్క షరతు రాస్తే కృతి, పద్యం, సినిమా పాట, లలిత గీతం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు రాగస్వరూపం చెవికెక్కడానికి ఇంతకు మించిన సాధనం నాకు తెలియదు. హిందుస్తానీ రికార్డులు కూడా ఉంటే భూప్‌ను మోహనతో, మాల్కౌంస్‌ను హిందోళంతో జతచేసి రాసుకోవచ్చు.

వరుస తప్పకూడనివి కొన్ని ఉన్నాయి. హరికథ రికార్డు భాగాలు భాగాలుగా ఉంటుంది. ఘంటసాల భగవద్గీత వరుసగా వినాల్సింది. సుప్రభాతాన్ని ఎవరూ మధ్యలోంచి వినరు. ఇలాంటి వాటిని కలగాపులగపు జాబితాల్లోంచి తప్పించే షరతు మొదటి రోజే రాసిపెట్టాలి. లేకపోతే బుర్రకథ మూడో భాగం రెండు డ్యూయెట్ల మధ్య ఊడిపడుతుంది.

ఏ కోశంలోనూ దొరకనివి ఇంకొన్ని ఉంటాయి. నాయనమ్మ పాడిన మంగళహారతి. మేనత్త లాలిపాట. ఊళ్లో నాటకం వేసినప్పుడు తాతయ్య అందుకున్న రాయబారం పద్యాలు. అమ్మమ్మ ఊళ్లో బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు పాడుతుంటే ఎవరో టేప్‌రికార్డర్‌లో పట్టినది. గల్ఫ్‌కు వెళ్లిన మనిషి కోసం ఇంటిల్లిపాదీ మాటలు నింపి పంపిన క్యాసెట్. మొత్తం పనిలో మొదట ముట్టుకోవాల్సినవి ఇవి. సినిమా పాట ఇంకెక్కడైనా దొరుకుతుంది, వీటికి ఉన్నది ఈ ఒక్క ప్రతే. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది, దాన్ని తొందరపెట్టే వీలు లేదు, గంట క్యాసెట్‌కు గంట పడుతుంది. పాత ప్లేయర్‌లో రబ్బరు బెల్టు సాగి ఉంటే గొంతు మారిపోతుంది కాబట్టి ముందు దాన్ని బాగుచేయించాలి. హెడ్‌ను స్పిరిట్‌తో తుడవాలి. కంప్యూటర్‌కు కలిపి ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నింపితే సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు అవుతుంది. ఫ్లాక్ పద్ధతిలో దాస్తే ధ్వని ఏమీ పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. మూలప్రతిలో హిస్ శబ్దం తీసేయాలని చూడకండి. దాంతో పాటు గొంతులోని ఊపిరి కూడా పోతుంది, ఒకసారి పోయింది తిరిగిరాదు. శుభ్రం చేసిన ప్రతి కావాలంటే విడిగా చేసుకోవచ్చు.

వీటికి ట్యాగ్ రాయడం అంటే ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ సందర్భం, సుమారుగా ఏ ఏడు అని రాయడం. సాహిత్యం కోసం ట్యాగ్‌లో ప్రత్యేక స్థానం ఉంది, పాట మాటలన్నీ అందులో పెట్టవచ్చు. నోటి పాటల్లో సగం మాటలు కొత్త చెవికి అందవు, అవి ఏమిటో చెప్పగలిగిన మనిషి ఉండగానే రాసుకోవాలి. ఇంకో జాగ్రత్త. ఈ రికార్డులను 'ఇంటి గొంతులు' అనే శైలి కింద ఉంచి, మిగతా ఆటోమేటిక్ జాబితాలన్నిటిలోనూ ఆ శైలి రాకూడదని షరతు పెట్టాలి. ఈమధ్యే దూరమైన మనిషి గొంతు వంట చేసుకుంటున్న వేళ రెండు సినిమా పాటల మధ్య హఠాత్తుగా వినబడితే తట్టుకోవడం కష్టం. వినాలనుకున్నవాళ్లు వెళ్లి వినేలా ఉండాలి.

ఇంతవరకు చెప్పింది వివరాల గురించి. వినేవాళ్లు నలుగురైనప్పుడు వేరే చిక్కు మొదలవుతుంది. స్మార్ట్ ప్లేలిస్ట్ పుట్టింది ఒక మనిషి, ఒక కంప్యూటర్, ఒక ఐపాడ్ ఉన్న లోకంలో. ఇంట్లో అందరూ ఒకే ఖాతాలో వింటే 'ఎక్కువసార్లు విన్నవి' అనే జాబితాలో మొదటి స్థానం సుప్రభాతానిది, రెండోది మూడేళ్ల పిల్లవాడు అన్నం తినేటప్పుడు అడిగే పాటది. ఆ జాబితా ఎవరి ఇష్టాన్నీ చెప్పదు. రెండో తరం ఐడీ3 రూపకర్తలు దీన్ని ముందే ఊహించారు. అందులో పాప్యులారిమీటర్ అనే స్థానం ఉంది. ఈమెయిల్ చిరునామా, 1 నుంచి 255 దాకా ఒక మార్కు, ఎన్నిసార్లు విన్నారన్న లెక్క అందులో ఉంటాయి. ఒక పాటలో ఎంతమందికైనా ఒక్కొక్కటి చొప్పున ఇలాంటివి పెట్టవచ్చు. కుటుంబానికి కొలిచి కుట్టినట్టున్న ఏర్పాటు. ప్లేయర్లు మాత్రం దాన్ని ఒకే మనిషి మార్కు దాచుకోవడానికే వాడుకుంటూ వచ్చాయి. ఇప్పుడు ఆచరణలో ఉన్న పరిష్కారం ఇంటి సర్వర్. పాత లాప్‌టాప్ మీదనో చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీదనో నావిడ్రోమ్ పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా ఇస్తే, పాటల గుట్ట ఒకటే, ఇష్టాల లెక్క ఎవరిది వారిది. ఇది పెట్టడానికి ఇంట్లో కంప్యూటర్ అంటే బెదరని మనిషి ఒకరు కావాలి. అలాంటివారు లేని ఇంట్లో ఒక కంప్యూటర్, చక్కటి ట్యాగులు, నాలుగు జాబితాలు చాలు.

ఏ జాబితాలు? ఎక్కువ విన్నవి, ఐదు నక్షత్రాలవి అనే రెండూ అందరూ మొదట చేసేవి, త్వరగా విసుగు పుట్టించేవి. ఇష్టమైనవాటినే మళ్లీ మళ్లీ తెచ్చి వాటి మీద మొహం మొత్తేలా చేస్తాయి. నా అనుభవంలో అన్నిటికంటే ఉపయోగపడేది దానికి తలకిందులైన షరతు: ఏడాదిగా ఎవరూ విననివి, అందులోంచి రోజుకు పాతిక. గ్రంథాలయంలో మునిగిపోయిన పాటలు దీనివల్లే పైకి వస్తాయి. తర్వాతిది, ఇటీవల చేరినవాటిలో ఒక్కసారైనా విననివి. ఆ తర్వాత ఇంట్లో ఒక్కొక్కరి కోసం యవ్వనకాలపు జాబితా. పదిహేను నుంచి పాతికేళ్ల వయసు మధ్య వాళ్లు విన్న సంవత్సరాలను షరతుగా ఇస్తే చాలు. 1950లో పుట్టినవారికి 1965 నుంచి 1975. దీనంత తక్కువ శ్రమతో అంత సంతోషం ఇచ్చే జాబితా ఇంకొకటి లేదు. నాలుగోది ట్యాగుల్లో లోపాలున్న పాటల జాబితా. రచయిత గడి ఖాళీ, లేదా సంవత్సరం ఖాళీ. ఇది వినడానికి కాదు, పని చేసుకోవడానికి. వివరం నింపిన పాట దానంతట అదే జాబితాలోంచి వెళ్లిపోతుంది. జాబితా రోజురోజుకూ తగ్గుతుంటే చేసేవాళ్లకు ఉత్సాహం నిలుస్తుంది.

పండగల సంగతి. సంక్రాంతి, ధనుర్మాసం సూర్యుడిని బట్టి వస్తాయి కాబట్టి ఇంగ్లిషు తేదీలకు దాదాపు కట్టుబడి ఉంటాయి. వినాయక చవితి, దసరా, బతుకమ్మ, కార్తీక మాసం తిథులను బట్టి జరుగుతూ ఉంటాయి, ప్లేయర్‌కు పంచాంగం తెలియదు. తేదీలతో కుస్తీ పట్టే బదులు 'సందర్భం' అనే గడిలో పండగ పేరు రాసి, పండగకొక జాబితా చేసుకుంటే సరిపోతుంది. పండగ పొద్దున దాన్ని నొక్కే పని ఇంట్లోవాళ్లు సంతోషంగానే చేస్తారు.

స్ట్రీమింగ్ యాప్‌లలో అన్నీ దొరుకుతుండగా ఇదంతా ఎందుకనే ప్రశ్న న్యాయమైనదే. నెలకు కొంత కడితే ఆరుగురికి ఖాతాలిచ్చే కుటుంబ పథకాలున్నాయి, తెలుగు పాటలూ దండిగా ఉన్నాయి. కొత్త పాటలకు నేనూ వాటినే సిఫారసు చేస్తాను. కానీ అక్కడ జాబితా మనదే అయినా పాట మనది కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ ఒకప్పుడు 50,000 సొంత పాటలు ఎక్కించుకోనిచ్చి, 2020 చివర్లో మూతపడింది. పాటలను యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకునే వీలిచ్చారు, గడువులోగా మార్చుకోనివాళ్లవి పోయాయి. 2024లో వింక్ మ్యూజిక్‌ను ఆపేస్తున్నట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది. యాప్‌లలో రచయిత పేరు మీద, నటుడి పేరు మీద, రాగం మీద మనం షరతు రాయలేం. యాప్ మనకోసం చేసే ఆటోమేటిక్ జాబితాలు మనలాంటి శ్రోతలు ఏం విన్నారో చూసి అల్లేవి. అవి కొత్త పాటను పరిచయం చేయగలవు. మంగళహారతి గురించి వాటికి ఏమీ తెలియదు.

చట్టం మాట కూడా చూడాలి. మన కాపీరైట్ చట్టం వ్యక్తిగత వినియోగానికి న్యాయమైన మేరకు చోటిస్తుంది. కొన్న క్యాసెట్‌ను ఇంట్లో వినడానికి డిజిటల్ చేసుకోవడం ఆ కోవలోకి వస్తుందని అనుకోవచ్చు. అదే గుట్టను లింకుగా పదిమందికీ పంచడం రాదు. శబ్దముద్రణ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, సాహిత్యం మీద రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. 1951 'మల్లీశ్వరి' రికార్డుల గడువు 2011తో ముగిసింది. ఆ పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో మరణించారు కాబట్టి సాహిత్యం మీద హక్కు 2040 చివరిదాకా ఉంటుంది. పాత రికార్డు కాబట్టి అంతా స్వేచ్ఛే అనుకోవడం పొరపాటు.

1950ల రికార్డు మెల్లగా, నిన్నటి పాట చెవులు పగిలేలా వినబడే ఇబ్బందికి 2001 నుంచే రీప్లేగెయిన్ అనే మందుంది. ప్రతి పాట గట్టిదనాన్ని కొలిచి ఆ అంకెను ట్యాగ్‌లో రాస్తుంది, ప్లేయర్ దాన్ని చూసి సమం చేస్తుంది, ధ్వనిని తాకదు. ఒక రాత్రి కంప్యూటర్‌ను వదిలేస్తే గుట్టంతా పూర్తవుతుంది. కారు పెన్‌డ్రైవ్‌కు మాత్రం షరతులు అర్థం కావు. జాబితాను ఆ రోజుటి పాటలతో గడ్డకట్టించి మామూలు ఫైళ్లుగా ఎక్కించాలి, నెలకో రెండు నెలలకో మార్చాలి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పుడు ఒక్కొక్కరి దగ్గర ఒక ప్రతి ఉండడం మంచి భద్రత. ఒక హార్డ్‌డిస్క్ పాడైనా గుట్ట బతుకుతుంది. అయితే ఎవరికి తోచినట్టు వాళ్లు ట్యాగులు దిద్దుతూ పోతే ఏడాది తిరిగేసరికి నాలుగు ప్రతులూ నాలుగు దారుల్లో వెళ్తాయి, కలపడం ఎవరివల్లా కాదు. మూలప్రతి ఎవరి దగ్గర ఉంటుందో ముందే తేల్చుకోవాలి. దిద్దుబాట్లు ఆ ఒక్కచోటే జరగాలి. మిగిలినవాళ్లు తప్పు కనబడితే కుటుంబ వాట్సాప్ గుంపులో పాట పేరు, సరైన వివరం రాసి పంపితే మూలప్రతి చూసుకునేవారు దిద్ది, దీపావళికో సంక్రాంతికో అందరూ కలిసినప్పుడు కొత్త ప్రతిని అందరి డిస్కుల్లోకి ఎక్కిస్తారు. నక్షత్రాలు, వినికిడి లెక్కలు చాలాసార్లు ఫైల్లో కాక ప్లేయర్ పట్టికలో ఉంటాయి కాబట్టి, ఆ పట్టికను కూడా విడిగా కాపీ చేసుకోవాలి. కంప్యూటర్ మార్చిన రోజున ఏడాదిగా విననివి అనే జాబితాలో పాటలన్నీ వచ్చి పడేది అది మరచిపోయినందుకే.